బయ్యరు ముందు చెప్పాల్సిన జవాబులు

కిందటి వారం అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి ఆగాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం సంగతులు క్లుప్తంగా చెప్పి ముందుకు పోదాం.

తోలు చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి. అందులో తల్లి మూడో బల్ల దగ్గర కుట్టేది. ఆమె చెయ్యి నెమ్మదించిందని వంక పెట్టి కొన్నాళ్ళ కిందట గెంటేశారు. ఆ లైనులో ఆమెని మించిన చురుకైన చెయ్యి లేదన్న సంగతి గెంటినవాళ్ళకీ తెలుసు. తల్లి బయటికి రాగానే కూతురు కూడా ప్యాకింగ్ బల్ల వదిలేసి వచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయికి ఒక ఎగుమతి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. విదేశాలకు సరుకు అమ్మే విభాగంలో ఉద్యోగం. రాతపరీక్ష గట్టెక్కింది. రేపు పొద్దున ఇంటర్వ్యూ.

తయారు చెయ్యడానికి పిన్ని వచ్చింది. తల్లికి స్వయానా చెల్లెలు. అక్క కింద షెడ్డులో కుడుతుంటే, చెల్లెలు అదే ఫ్యాక్టరీ మేడమీద గదిలో ఏళ్ళ తరబడి ఎగుమతి అమ్మకాలు చూసింది. అక్క ఉద్యోగం పోయిన వారంలోనే తనూ రాజీనామా ఇచ్చి వచ్చేసింది. అయినా అక్క ఆ రోజు నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. తన కూడు పడగొట్టింది చెల్లెలేనని ఆమె నమ్మకం. కూతురి ఇంటర్వ్యూ కోసం మాత్రం చెల్లెల్ని గుమ్మం దాటి రానిచ్చింది. తను వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇదీ పరిస్థితి.

"మళ్ళీ గుమ్మం దగ్గర మొదలుపెట్టు," అంది పిన్ని. "ఇందాక నువ్వు లోపలికి రాలేదు. చేబదులు అడగడానికి వచ్చిన మనిషిలా తొంగి చూశావు."

అమ్మాయి బయటికి వెళ్ళి తలుపు తట్టింది.

"ఎవరూ?"

"నేనే పిన్నీ."

"ఇక్కడ పిన్ని ఎవరూ లేరు. ముగ్గురు కంపెనీవాళ్ళం కూర్చున్నాం. ఒకాయన కునికిపాట్లు పడుతున్నాడు. ఒకావిడ నీ జోళ్ళు చూస్తోంది. మూడో ఆయన అసలు మనిషి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. నువ్వు ఎవర్ని చూసి మాట్లాడాలి?"

"కిటికీ ఆయన్ని."

"కాదు. కునికేవాణ్ణి. వాణ్ణి లేపావనుకో, కిటికీవాడు తనంతట తనే ఇటు తిరుగుతాడు."

అన్నాలు తినే బల్లే ఈ పూటకి ఆఫీసు బల్ల అయింది. కుట్టు మిషన్ని గోడవారకి జరిపి పైన దుప్పటి కప్పారు. కుర్చీ కాలు ఒకటి పొట్టిది కాబట్టి కింద అట్టముక్క మడిచి పెట్టారు. అమ్మాయి వేసుకున్న చొక్కా పిన్నిది, కాళ్ళకున్న జోళ్ళు పక్కింటి టీచరమ్మవి. ఇంటర్వ్యూకి వెళ్ళే పేదపిల్ల ఒంటి మీద సగం వీధి ఉంటుంది. ఆ సంగతి ప్రశ్నలు వేసేవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. జోళ్ళు బిగుతుగా ఉన్నాయని మాత్రం చూస్తారు, ఈ పిల్లకి నడక రాదని రాసుకుంటారు.

వంటింట్లోంచి తల్లి గొంతు వచ్చింది. "ముగ్గురు కూర్చున్నారు కదా, టీ ముగ్గురికీ పెట్టాలా ఒక్కరికి పెట్టాలా, అడగవే మీ పిన్నిని."

"ఒక్కరికే చాలని చెప్పు మీ అమ్మకి," అంది పిన్ని. "కునికేవాడికి కొంచెం ఎక్కువ పోసినా తప్పులేదని చెప్పు."

మధ్యలో ఉన్న అమ్మాయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండు గదుల ఇంట్లో ఎవరి మాట ఎవరికి వినపడదు గనక.

పిన్ని సంచీలోంచి ఒక తొడుగుల జత తీసి బల్ల మీద వేసింది. తోటపని చేసేవాళ్ళు వేసుకునే రకం. "అమ్ము."

"ఇది మేలైన తోలండీ. కుట్టు గట్టిది. ధర కూడా..."

"ఆగు. ధర నీ నోట్లోంచి అప్పుడే ఎందుకు ఊడిపడింది? ఎవరు వాడతారు, ఏ కాలానికి కావాలి, ఎంత సరుకు, ఎప్పటికి ఓడ ఎక్కాలి, ఇవన్నీ ముందు కొనేవాడి చేత చెప్పించు. వాడు ఎంత చెబితే అంత ఇరుక్కుంటాడు. తర్వాత, ఓడ ఎక్కేదాకా సరుకు బాధ్యత మనది, ఎక్కాక వాడిది అన్న ముక్క ముందే ఒప్పించుకో. ధర ఆఖర్న. అది చెప్పేశాక నోరు మూసుకో. మళ్ళీ మొదట్నుంచీ."

ఈసారి అమ్మాయి బాగానే చెప్పింది. అడగాల్సినవి అడిగింది. ఆఖర్న ధర చెప్పి ఆగింది.

పిన్ని మాట్లాడలేదు. తొడుగు చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలూ వంచి చూసింది. బొటనవేలి దగ్గర కుట్టుని గోటితో గీకింది. కిటికీ వైపు చూసింది. మళ్ళీ తొడుగు వైపు చూసింది.

అమ్మాయి కుర్చీలో కదిలింది. "ఎక్కువనిపిస్తే కొంచెం తగ్గించగలం అండీ."

పిన్ని అలాగే చూస్తోంది.

"అంటే, మొదటి ఆర్డరు కాబట్టి... ఇంకొంచెం కూడా చూడగలం."

వంటింట్లోంచి వచ్చింది జవాబు. "ఓడ బాడుగ కూడా మనమే పెట్టుకుంటామని చెప్పవే. ఉచితంగా చేతులకి తొడిగి మరీ వస్తామని చెప్పు."

పిన్ని ఆపుకోలేక ఫక్కుమంది. లోపల తల్లి కూడా నవ్వింది. అక్కచెల్లెళ్ళ నవ్వు ఒకే రకంగా ఉంటుంది, చివర చిన్న దగ్గుతో. ఇద్దరికీ ఒకేసారి ఆ సంగతి తెలిసివచ్చి ఇద్దరూ ఒకేసారి ఆపేశారు.

"సరే," అంది పిన్ని గొంతు సవరించుకుని. "అదే నీ జబ్బు. ఎదుటివాడు మాట్లాడకపోతే నువ్వు భయపడి నీ జేబు నువ్వే కోసుకుంటున్నావు. అది రాత్రికి సరి చేద్దాం. ఇప్పుడు నీ గురించి. మీరు ఇంతకుముందు పనిచేసిన చోటు ఎలా ఉండేది? అక్కడి పరిస్థితుల గురించి నాలుగు మాటలు చెప్పండి."

అమ్మాయి నడుం నిటారుగా పెట్టింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. చూపు పిన్ని నెత్తి మీదుగా గోడకి వెళ్ళింది.

"తాగునీరు ఉంది. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. పనివేళ అయిపోగానే ఇంటికి పంపిస్తారు. ఇష్టం లేకపోతే ఓవర్‌టైం చెయ్యనక్కర్లేదు. మేనేజరుగారు మర్యాదగా మాట్లాడతారు. వెనక తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది."

ఒక్క గుక్కలో వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు.

ఎవరూ నవ్వలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ జవాబులు ఎక్కడివో పాఠకులకి చెప్పాలి. విదేశీ బయ్యరు ఆర్డరు ఇచ్చే ముందు తన మనుషుల్ని పంపిస్తాడు. ఫ్యాక్టరీలో పనివాళ్ళని మనుషుల్లా చూస్తున్నారా లేదా అని వాళ్ళు తనిఖీ చేస్తారు. అంటే, తన దేశంలో కొనేవాళ్ళు అడిగితే చూపించడానికి బయ్యరుకి ఒక కాగితం కావాలి, అంతే. ఆ తనిఖీకి ముందు రోజు షెడ్డులో మిషన్లు ఆపేస్తారు. ఏ పెళ్ళికీ ఏ చావుకీ ఆపని మిషన్లు. గోడలకి సున్నం పడుతుంది. మరుగుదొడ్లలో సబ్బులు పుడతాయి. వెనక తలుపు తాళం మాయమవుతుంది. పనివాళ్ళని వరసగా కూర్చోబెట్టి జవాబులు వల్లె వేయిస్తారు. తనిఖీవాళ్ళ కారు గేటు దాటగానే సబ్బులు స్టోరుకి వెళ్ళిపోతాయి, తాళం తలుపుకి వచ్చేస్తుంది. జవాబులు మాత్రం మనుషుల్లో ఉండిపోతాయి. ప్యాకింగ్ బల్ల దగ్గర ఉన్నన్నాళ్ళూ ఈ అమ్మాయి కూడా వల్లె వేసింది. ఇంటర్వ్యూ అనగానే, ఎదురుగా బల్ల వేసుకుని ఒకరు ప్రశ్న వెయ్యగానే, అవే బయటికి వచ్చేశాయి.

ఆ వాక్యాలు కట్టింది ఎవరు? స్టూలు మీద నిలబడి అందరి చేతా ఒకే గొంతుగా చెప్పించింది ఎవరు? బయ్యరుకి ఏ మాట వింటే సంతోషమో బాగా తెలిసిన మనిషే కదా ఉండాలి. ఎగుమతి అమ్మకాల విభాగం మనిషి. ఈ పిన్నే.

"ఛ, ఇది కాదు కదా," అని అమ్మాయి నవ్వబోయింది. "అలవాటులో వచ్చేసింది పిన్నీ. ఇంకోసారి అడుగు."

తల్లి తడిచేతులతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కూతురిని చూడలేదు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి చెల్లెలి మొహంలోకి చూసింది.

"బాగా నేర్పావు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేలా నేర్పావు."

"అక్కా..."

"ఆ తలుపు ముక్క కూడా నువ్వు కట్టిందేనా?"

"నేనే," అంది పిన్ని.

"అందరి నోటా వచ్చింది, నా నోట రాలేదు. ఎలా వస్తుంది? తనిఖీకి వారం ముందే జిగురు డబ్బాకి నిప్పంటుకుంది. షెడ్డు నిండా పొగ. ఆ తలుపు మీద పిడికిళ్ళతో బాదాం. తోలు ముక్కలు మేం ఎత్తుకుపోతామని దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళు వెతుక్కుంటుంటే మేం నేల మీద బోర్లా పడుకుని ఊపిరి పీల్చాం. వారం తిరిగేసరికి నా చేతిలో తొడుగు పెట్టి, తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని చెప్పమన్నారు."

"తెలుసక్కా."

"నీకెలా తెలుసు? నువ్వు మేడమీద ఉన్నావు." తల్లి గొంతు పెంచలేదు. కూరగాయల బేరం ఆడుతున్నంత మామూలుగా ఉంది ఆ గొంతు. "బయ్యరు పంపిన ఆ నవ్వుమొహం ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పం, ధైర్యంగా మాట్లాడు అన్నాడు. అన్నది ఆయన ఇంగ్లీషులో, నాకు చెప్పింది నువ్వు. నేను తలుపు సంగతి చెప్పాను. మా భాష ఆయనకి రాదు. ఆ గదిలో ఉన్నది ముగ్గురం. ఆయన, నేను, నువ్వు. మర్నాడు పొద్దున నన్ను గేటు బయట నిలబెట్టారు. ఎవరు చేరవేశారో కనిపెట్టడానికి కాలేజీ చదువులు కావాలా?"

పిన్ని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు లేకుండా చూస్తే అక్క పోలికలు ఎక్కువ కనిపిస్తాయి.

"నువ్వు అనుకున్నదాంట్లో సగం నిజం," అంది.

"ఏ సగం?"

"నువ్వు చెప్పిన మాట ఒక్క ముక్క మార్చకుండా ఆయనకి చెప్పాను. తాళం, పొగ, నేల మీద పడుకోవడం, అన్నీ. మార్చి ఉంటే నీ ఉద్యోగం నిలబడేది అక్కా. ఈవిడ కూడా తలుపు తీసే ఉంటుందంటోంది అని నేనొక్క అబద్ధం ఆడేస్తే నువ్వు ఈ రోజుకీ మూడో బల్ల దగ్గరే ఉండేదానివి. ఆడలేదు. నువ్వంత ధైర్యంగా చెబుతుంటే నాకు నోరు రాలేదు."

"మరి నా పేరు మేనేజరు దాకా ఎలా పోయింది?"

"ఆయనే చెప్పాడు. ఆ నవ్వుమొహమే. సాయంత్రం మేనేజరు గదిలో టీ తాగుతూ చెప్పాడు. మూడో బల్ల ఆవిడ తలుపు గురించి మాట్లాడింది, అది మా రిపోర్టులోకి రాకుండా నేను చూసుకుంటాను, సరుకు వేళకి ఓడ ఎక్కేలా మీరు చూసుకోండి, ఆవిణ్ణి మాత్రం ఇంకోసారి నా ఎదట కూర్చోబెట్టకండి అన్నాడు." పిన్ని ఆగింది. "మేనేజరుకి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ మాట కూడా నేనే చెప్పాలి."

"చెప్పావా?"

"చెప్పాను."

వీధిలో ఎవరో సైకిల్ స్టాండ్ వేశారు.

"నోరు మూసుకుని ఉండొచ్చుగా," అంది తల్లి.

"ఉండొచ్చు. ఆ నిమిషంలో తట్టలేదు. ఏళ్ళ తరబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు వేసిన నోరు. వినగానే వేసేసింది. అది నీ గురించి అని నాకు అర్థమయ్యేసరికి మేనేజరు తలూపుతున్నాడు. ఇందాక నీ కూతురు తలుపు తీసే ఉంటుందని అప్పజెప్పింది చూడు, అలాగే వచ్చింది."

తల్లి వచ్చి కుట్టు మిషన్ పక్కన పీట మీద కూలబడింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. ఆమె మొహం చూసి కోపం తగ్గిందో పెరిగిందో చెప్పలేం. ఇన్నాళ్ళూ ఒక మనిషిని తిట్టుకుంటూ బతికింది. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఎవరి ఇంటికి పంపాలో తెలియడం లేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్పడానికే వచ్చాను. తలుపేశావు."

"మళ్ళీ రావచ్చుగా."

"ఇవాళ వచ్చాను. టీ ఎంతమందికి పెట్టాలో మీ పిన్నిని అడగవే అన్నావు."

తల్లి పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వు కాదు. నవ్వుకి దూరపు చుట్టం.

అమ్మాయి అప్పటిదాకా కుర్చీలోనే ఉంది, అభ్యర్థి కూర్చునే తీరులోనే. "ఇవాళే ఎందుకు చెబుతున్నావు పిన్నీ? రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని."

"రేపు కిటికీలోంచి బయటికి చూసే ఆయన ఎవరో ఇవాళ పొద్దునే తెలిసింది. పాత స్నేహితురాలికి ఫోన్ చేసి, ఇంటర్వ్యూలో ఎవరెవరు కూర్చుంటారని అడిగాను."

"ఎవరు?"

"ఆ నవ్వుమొహమే. బయ్యరు దగ్గర మానేసి ఈ ఎగుమతి కంపెనీలో పెద్ద పదవిలో చేరాడు. ఏ ఫ్యాక్టరీలో ఏం దాచారో తెలిసిన మనిషి. ఏ కంపెనీ అయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది."

అదీ వరస. తనిఖీ చేసినవాడే తర్వాత సరుకు అమ్ముతాడు. కుట్టినవాళ్ళు మాత్రం కుట్టిన చోటే ఉంటారు, లేదా గేటు బయట ఉంటారు. వాళ్ళకి పదోన్నతి అంటే తెలిసింది పక్క బల్లకి మారడమే.

"అయితే నువ్వు వెళ్ళొద్దు," అంది తల్లి.

"వెళ్తాను," అంది అమ్మాయి.

"ఆ మనిషి చేతికింద పనిచేస్తావా?"

"నువ్వు మూడో బల్ల దగ్గర ఎవరి చేతికింద చేశావమ్మా? మేనేజరు మన మేనమామా? నేను వెళ్ళకపోతే ఆయనకి పోయేదేముంది? ఇంకో అమ్మాయి వెళ్తుంది, టీచరమ్మ జోళ్ళు ఇంకొకరికి పనికొస్తాయి. నేను ఇంట్లో కూర్చుంటే శిక్ష ఎవరికి పడినట్టు? నాకు ఆ పని వచ్చు. సరుకు ఎలా తయారవుతుందో తెలుసు, ఎలా ప్యాక్ చేస్తారో తెలుసు, ఇంగ్లీషు వచ్చు. ఆయన నవ్వు కోసం నేనెందుకు మానుకోవాలి?"

"నీ పిల్ల నీలాగే మాట్లాడుతోంది," అంది పిన్ని అక్కతో.

"నాలాగా మాట్లాడితే ఏమవుతుందో చూశాం కదా."

బల్ల మీద ఫోన్ మోగింది. అమ్మాయి నంబరు చూసి లేచి నిలబడింది. ఎగుమతి కంపెనీ. ముగ్గురికీ వినపడేలా స్పీకర్ నొక్కింది. ఆఫీసు అమ్మాయి గొంతు, చాలామందికి ఇదే మాట చెప్పి అలిసిన గొంతు.

"రేపు ఇంటర్వ్యూ ఆఫీసులో కాదు మేడం. చోటు మారింది. మాకు తొడుగులు కుట్టిచ్చే ఫ్యాక్టరీ ఒకటుంది, అక్కడికి రావాలి." అని ఫ్యాక్టరీ ఎక్కడుందో దారి చెప్పసాగింది. దారి చెప్పనక్కర్లేదు. తల్లీకూతుళ్ళు రోజూ నడిచిన దారి. "కొత్త బయ్యరు మనుషులు వస్తున్నారు. పనివాళ్ళతో మాట్లాడతారు. పనివాళ్ళు చెప్పింది మీరు ఇంగ్లీషులో చెప్పాలి. అదే ప్రాక్టికల్ పరీక్ష. అందులో నెగ్గితే చేరినట్టే."

"మామూలు ప్రశ్నలు ఉండవా అండీ?"

"ఇంకేమీ ఉండవు. ఆ, సార్ మీకు ఒక మాట చెప్పమన్నారు. పనివాళ్ళ మాటల్లో అక్కర్లేనివి చాలా ఉంటాయి. వాటిని వడకట్టి చెప్పడం కూడా నైపుణ్యమే. మంచి సేల్స్ మనిషికి ఏది చెప్పాలో ఏది వదలాలో తెలుస్తుంది. అది గుర్తుంచుకోమన్నారు. పొద్దున్నే వచ్చేయండి."

ఫోన్ ఆగిపోయింది.

"నా కుర్చీ," అంది పిన్ని. "నన్ను కూర్చోబెట్టిన ఆ కుర్చీలోనే కూర్చోబెడుతున్నాడు."

"నేను ఫలానా ఆవిడ కూతుర్నని ఆయనకి తెలుసా?"

"వాడికి మీ అమ్మ పేరు కూడా తెలియదు. మూడో బల్ల అని మాత్రమే తెలుసు."

తల్లి ఏదో అనబోయింది. ఈలోగా మెట్ల మీద చెప్పుల చప్పుడు. షిఫ్టు వదిలే వేళ. తలుపు తోసుకుని ఇస్త్రీ వదిన వచ్చింది. కుట్టిన తొడుగుల్ని వేడి ఇనప చేతులకి తొడిగి సాపు చేసేది ఆమె పని. లైనంతా ఆమెని ఇస్త్రీ వదిన అనే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. పిన్నిని చూసి గుమ్మంలోనే తగ్గింది.

"ఈవిడ కూడా ఉన్నారా? అయితే తర్వాత వస్తాలే."

"ఉండనీ వదినా, చెప్పు," అంది తల్లి. "ఇవాళ్టి నుంచి ఆవిడ ముందు మాట్లాడొచ్చు."

వదిన ఒకసారి ఒకరి మొహం, ఇంకోసారి ఇంకొకరి మొహం చూసింది. ఆరా తీసే ఓపిక లేదు. "రేపు బయ్యరు మనుషులొస్తున్నారు. మమ్మల్ని ఇవాళంతా కూర్చోబెట్టి వల్లె వేయించారు. పిన్నిగారు ఇప్పుడక్కడ లేరుగా, కొత్తగా వచ్చిన కుర్రాడు చెప్పించాడు. వాడికి మీ అంత బాగా చెప్పించడం రాదు లెండి."

"నా పరువు నిలబెట్టావు," అంది పిన్ని.

"మేమందరం ఒక మాట అనుకున్నాం. నువ్వొక్కదానివే చెప్పావు కాబట్టి నిన్ను తీసేశారు. లైనంతా అదే చెబితే ఎవర్ని తీస్తారు? తీసేసి సరుకు ఎవరి చేత కుట్టిస్తారు? రేపు ఎవర్ని పిలిచినా ఒకటే మాట. తలుపుకి తాళం ఉంది. పొగలో చావబోయాం. అంతే. ఒక్కటే బెంగ. మేం చెప్పేది వాళ్ళకి అర్థమవదు. మధ్యలో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మనిషి ఎవరో తెలిస్తే ముందే వెళ్ళి బతిమాలుకుందామని. పిన్నిగారూ, మీరైతే కాదుగా?"

"నేను కాదు."

"మరెవరు?"

పిన్ని అక్క వైపు చూసింది. అక్క కూతురి వైపు చూసింది.

"నేనే వదినా," అంది అమ్మాయి.

వదిన మొహం వికసించింది. కాలిన చేతులతో అమ్మాయి బుగ్గలు పుణికింది. "మన పిల్లే. ఇంకేం కావాలి తల్లీ. అక్కడ అందరూ గుండెలు బిగబట్టుకుని ఉన్నారు, చెప్పి వస్తా." అంటూనే వెనక్కి తిరిగింది. అమ్మాయి వదినా వదినా అనేలోపు మెట్లు దిగిపోయింది.

"చెబుతానని నువ్వు అనలేదు," అంది తల్లి.

"అనలేదు."

"ఆవిడ విన్నంతవరకు నువ్వు అన్నట్టే."

"అమ్మా, పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. ఏమైంది? నీ ఉద్యోగం పోయింది. నేనూ ఉన్నదున్నట్టు చెబుతాను. అది విన్నవాళ్ళు సాయంత్రం టీ తాగుతూ మేనేజరుకి చెబుతారు. ఈసారి లైను మొత్తం గేటు బయట ఉంటుంది. చెప్పకపోతే, నాకు ఉద్యోగం వస్తుంది. వాళ్ళు తాళం వేసిన షెడ్డులో ఉంటారు. ఏది చెయ్యమంటావు?"

పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది.

"ముందు ఆవిణ్ణి ఆపాలి," అని అమ్మాయి తలుపు తీసుకుని దిగింది. బిగుతు జోళ్ళు మెట్ల మీద జారుతుంటే గోడ పట్టుకుని దిగింది.

వీధి మలుపులో లైటు స్తంభం కింద వదిన నిలబడి ఉంది. ఒంటరిగా లేదు. షిఫ్టు దిగిన ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ ఉన్నారు, భుజాలకి సంచులతో, వేళ్ళకి తోలు రంగుతో. తోలు కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు, కుట్టిన తొడుగుల వేళ్ళు తిరగేసేవాళ్ళు. అమ్మాయిని చూసి మాటలు ఆపేశారు. ఎవరూ నవ్వలేదు. ఇస్త్రీ వదిన కూడా ఇందాకటిలా లేదు. ఈ నాలుగు అడుగుల్లో వాళ్ళు ఆమెని ఏదో అడిగారు.

గుంపులోంచి ఒకావిడ ముందుకొచ్చింది. ఇప్పుడు మూడో బల్ల దగ్గర కుడుతున్నది ఆమే. తల్లిని తీసేశాక ఆ చోట్లో పెట్టారు.

"వచ్చావా, మంచిదైంది," అంది. "మధ్యలో చెప్పే మనిషి ఆ కంపెనీ ఉద్యోగం కోసం వస్తోందని మా కుర్రాడు అన్నాడు, అంటే నువ్వేగా. ఆ కంపెనీ పెద్దాయన మెచ్చితేనే నీకు ఉద్యోగమట. అది ముందు చెప్పు. తర్వాత ఇంకోటి చెప్పు. రేపు మేం చెప్పిందంతా చెబుతావా, ఆయనకి నచ్చిన మటుకు చెబుతావా?"